సన్నగా ఉన్నా పొట్ట కొలవాల్సిందే: మెటబాలిక్ సిండ్రోమ్ ఎవరిలో ఎంత?

(కర్నూలులో విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగుల సమావేశంలో ఒక జనరల్ మెడిసిన్ వైద్యులు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకూ, అమ్మలకూ, ముందు వరసలో కూర్చున్న మాస్టార్లకూ నమస్కారం. నన్ను మెటబాలిక్ సిండ్రోమ్ గురించి మాట్లాడమన్నారు. పేరు కొత్తగా వినిపిస్తుంది గానీ విషయం మీకు కొత్త కాదు. బీపీ కొంచెం ఎక్కువ. షుగర్ బార్డర్‌లో ఉంది. కొవ్వు రిపోర్టులో ఏదో తేడా. పొట్ట కాస్త ముందుకొచ్చింది. ఒక్కోటి విడిగా చూస్తే ‘ఆ, ఏం పర్లేదులే’ అనిపించేవే. అవే మూడో నాలుగో ఒకే మనిషిలో చేరితే, ఆ కూటమికి పెట్టిన పేరు ఇది.

ఏ దేశం వాళ్లలో, ఏ జాతి జనంలో ఇది ఎంతమందికి ఉందో లెక్కలు తీశారు. ఆ లెక్కలు కొన్ని ఈరోజు మీకు చెప్తాను. ఎందుకంటే, అవి చూసి మనవాళ్లు ఒక మాట అనేస్తారు. ‘మన ఒంటి తత్వమే అంత సార్, మన రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం’ అని. చదువుకున్నవాళ్లు కూడా అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ లెక్కలు చెప్పేది అది కాదు. మన ఒంటిని ఏ గీత దగ్గర నుంచి జాగ్రత్తగా చూడాలో చెప్తాయి, అంతే. మన రాత ఇంతే అని ఏ లెక్కా చెప్పలేదు.

ముందు ఆ ఐదు అంశాలు చెప్పేస్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. నడుము చుట్టుకొలత, మన దేశం వాళ్లకు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80, అంతకు ఎక్కువ. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 150 లేదా ఎక్కువ. మంచి కొవ్వు అంటామే, హెచ్‌డీఎల్, అది మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తక్కువ. బీపీ పైది 130 గానీ కిందిది 85 గానీ, లేదా ఎక్కువ. పరగడుపున షుగర్ 100 లేదా ఎక్కువ. ఐదులో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. ‘నాకు మందులతో బీపీ నార్మల్ అయింది సార్, నాకు లెక్క రాదు’ అనుకోవద్దు. మందు వేసుకుంటున్నారంటే ఆ అంశం మీ ఖాతాలో ఉన్నట్టే.

మూడుంటే ఏమవుతుంది? షుగర్ జబ్బు వచ్చే అవకాశం సుమారు ఐదు రెట్లు. వచ్చే ఐదు పదేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం సుమారు రెండు రెట్లు. చిన్న విషయమా? కాదు. అయినా దీనికి నొప్పి లేదు, జ్వరం లేదు. అందుకే ఎవరూ దీని కోసమని ఆసుపత్రికి రారు. వేరే దేనికో వచ్చినప్పుడు బయటపడుతుంది.

అలా వచ్చిన ఒకాయన గురించి చెప్తాను. పేరూ ఊరూ వద్దు. నలభై దాటిన మనిషి, బట్టల దుకాణంలో పని. మోకాలి నొప్పి అని వచ్చాడు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క, బీఎంఐ, కడితే 22.8. ఏ చార్టులో చూసినా నార్మల్. చొక్కా టక్ చేసుకుని నిలబడితే, సన్నగా ఉన్నాడు కదా అంటాం. నడుము కొలిస్తే 94. రక్త పరీక్ష చేయిస్తే పరగడుపున షుగర్ 106, ట్రైగ్లిజరైడ్స్ 224, హెచ్‌డీఎల్ 34. బీపీ మాత్రం 124/80, బాగుంది. ఐదులో నాలుగు! ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. ‘నేను లావు లేను కదా సార్, నాకెందుకొచ్చింది?’

ఈ రిపోర్టు కాసేపు గుర్తు పెట్టుకోండి. ఇదే మనిషిని 2001లో అమెరికాలో కొలిచుంటే ఏమయ్యేదో చూద్దాం.

1988లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ రీవన్ అనే ఆయన, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ల బాంటింగ్ ఉపన్యాసంలో ఈ కూటమికి ‘సిండ్రోమ్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. రక్తంలో చక్కెరను అదుపు చేసే హార్మోను ఇన్సులిన్, అన్నిటికీ మూలం దాని మాట ఒళ్లు వినకపోవడమే అన్నాడు. మీరు గమనించాల్సింది ఏమంటే, ఆయన తన జాబితాలో లావును చేర్చలేదు. మామూలు బరువున్నవాళ్లలో కూడా ఇన్సులిన్ పనిచేయకపోవడం ఆయన చూశాడు. ఆ తర్వాత 2001లో అమెరికా కొలెస్టరాల్ నిపుణుల సంఘం ఐదులో మూడు అనే పద్ధతి తెచ్చింది. అందులో నడుము గీత ఎక్కడ పెట్టారు? మగవాళ్లకు 102 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 88. అంగుళాల్లో 40, 35. పరగడుపు షుగర్ గీత 110. ఆ గీతలతో మా బట్టల దుకాణం ఆయన్ను కొలిస్తే నడుము ఎగిరిపోయింది, షుగర్ ఎగిరిపోయింది. మిగిలింది రెండే. రెండుంటే జబ్బు లేనట్టే! మనిషి అదే మనిషి, రక్తం అదే రక్తం. గీత మారేసరికి లెక్కలోంచి జారిపోయాడు.

ఇప్పుడు లెక్కలు వినండి. అమెరికాలో 1988 నుంచి 1994 దాకా జరిగిన పెద్ద ఆరోగ్య సర్వేను 2002లో విశ్లేషించారు. వయసు తేడాలు సరిచేసి చూస్తే, ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 24 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. మెక్సికో మూలాలున్నవాళ్లలో 31.9 శాతం, తెల్లవాళ్లలో 23.8, నల్లజాతివాళ్లలో 21.6. ఇరవైల్లో ఉన్నవాళ్లలో 6.7 శాతమే, అరవైల్లో ఉన్నవాళ్లలో 43.5. అంటే జాతి తేడా కంటే వయసు తేడా చాలా పెద్దది. మన సభలో ఎక్కువ మంది ఏ వయసువాళ్లో నేను వేరే చెప్పాలా?

ఆ నల్లజాతి లెక్క దగ్గర కాస్త ఆగుదాం. తెల్లవాళ్ల కంటే తక్కువ అని వచ్చింది కదా, అంటే వాళ్ల ఆరోగ్యం మెరుగని అర్థమా? కానే కాదు. అమెరికాలో నల్లజాతివాళ్లకు బీపీ ఎక్కువ, షుగర్ జబ్బు ఎక్కువ. కానీ వాళ్లలో ట్రైగ్లిజరైడ్స్ తక్కువగా, మంచి కొవ్వు ఎక్కువగా ఉంటుంది. ఐదు అంశాల్లో రెండు కొవ్వువే. ఆ రెండూ బాగున్నాయి కాబట్టి మూడు దాకా లెక్క రాదు. గండం ఉంది, లెక్కకు అందలేదు. పైగా మగవాళ్లనూ ఆడవాళ్లనూ కలిపి ఒక సగటు చెప్తే మరో సంగతి మరుగున పడుతుంది. నల్లజాతి ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే 57 శాతం ఎక్కువ. ఒక జాతికి ఒక అంకె అని చెప్పినప్పుడు ఆ అంకె వెనక ఎవరున్నారో కూడా అడగాలి.

మరి మనవాళ్లు? కెనడాలో ఒక మంచి అధ్యయనం జరిగింది. అక్కడ స్థిరపడిన దక్షిణాసియావాళ్లు, అంటే మనం, చైనావాళ్లు, యూరప్ మూలాలవాళ్లు, అక్కడి ఆదివాసులు. నలుగురినీ ఒకే పద్ధతిలో పరీక్షించారు. ఆదివాసుల్లో 41.6 శాతం, మనవాళ్లలో 25.9, యూరప్ వాళ్లలో 22, చైనావాళ్లలో 11. చూశారా? మనకూ యూరప్ వాళ్లకూ పెద్ద తేడా లేనట్టే కనిపిస్తుంది. కానీ అది అమెరికా గీతలతో, ఆ 102 టేపుతో తీసిన లెక్క. మా దుకాణం ఆయనలాంటివాళ్లు అందులోకి రారు. అదే అమెరికా పద్ధతిలో నడుము గీత మన ఒంటికి తగ్గట్టు మార్చి చెన్నై నగరంలో లెక్క తీస్తే, 2003లో పెద్దవాళ్లలో 41 శాతం వచ్చింది. నూటికి నలభై ఒకటి!

2005లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ ఈ పని అందరికీ కలిపి చేసింది. యూరప్ మగవాళ్లకు 94, మనకు 90, ఆడవాళ్లకు ఇద్దరికీ 80. 2009లో మిగతా సంఘాలూ కలిసి, నడుము గీత ఏ జనానికి తగ్గది ఆ జనానికే ఉండాలని ఒప్పుకున్నాయి. జపాన్ అయితే 2008లో చట్టమే తెచ్చింది. 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు ఏటా చేసే పరీక్షల్లో నడుము కొలవాలి. మగవాళ్లకు 85, ఆడవాళ్లకు 90. వాళ్ల గీతలు వాళ్లవి.

అయితే గీత మనకెందుకు కిందికి రావాలి? ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. తిన్నది ఖర్చు కాకపోతే కొవ్వుగా దాచాలి. దాచడానికి మంచి చోటు చర్మం కింద. తొడలు, పిరుదులు, అక్కడుంటే పెద్ద హాని లేదు. మన పల్లెల్లో ధాన్యం దాచే పాతర ఉండేది, పెద్దవాళ్లకు తెలుసు. పాతర పెద్దదైతే ఎన్ని మూటలైనా పడతాయి. చిన్నదైతే? మిగిలిన మూటలు ఇంట్లోకి తెచ్చి, వంటింట్లో, నడిచే దోవలో పెట్టుకోవాలి. దక్షిణాసియావాళ్లలో చాలామందికి చర్మం కింద ఆ పాతర తొందరగా నిండుతుంది. మిగిలిన కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, రాత్రంతా చక్కెర వదులుతూనే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్స్ తయారుచేసి రక్తంలోకి పంపిస్తుంది. అవి పెరిగితే మంచి కొవ్వు తగ్గుతుంది. ఇన్సులిన్ ఎక్కువైతే మూత్రపిండాలు ఉప్పును పట్టుకుంటాయి, బీపీకి అదొక దారి. ఐదు అంశాలూ ఎందుకు జట్టుగా వస్తాయో ఇప్పుడు తెలిసిందా? మూలం ఒకటే.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫోటోలే వేసుకున్నారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. చూడ్డానికి ఇద్దరూ సన్నమే! యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్నీ కొలిచింది. ఇంగ్లండులో బిడ్డ సగటున 3.5 కిలోలు, మన దగ్గర 2.7. కండ తక్కువ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. ఇది తల్లి కడుపులోనే మొదలవుతోంది. ఆ తల్లికి చిన్నప్పటి నుంచి సరైన తిండి లేకపోవడం కూడా ఇందులో ఉంది.

ఇక్కడ ఎవరైనా కరువుల మాట ఎత్తుతారు. నిజమే, మన కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు 1876–78 ధాత కరువులో తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాలు. కరువులు దాటొచ్చిన జనం ఒంట్లో పొదుపు జన్యువులుంటాయని జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త 1962లో ఒక ఊహ చేశాడు. వినడానికి బాగుంటుంది. నేను మాత్రం దాని మీద ఇల్లు కట్టను. అది ఊహే, రుజువు కాలేదు. జన్యువుల మీద భారం వేసేస్తే మన ఆడపిల్లల రక్తహీనత గురించి, గర్భిణి తిండి గురించి ఎవరు మాట్లాడతారు?

జాతే కారణం అనేవాళ్లకు నేను చెప్పే సమాధానం పీమా ఇండియన్లు. ఇండియన్లంటే మనం కాదు, అమెరికా ఆదివాసులు. అమెరికాలో అరిజోనాలో ఉంటారు, ప్రపంచంలోనే షుగర్ జబ్బు అత్యధికంగా ఉన్న జనంలో వాళ్లొకరు. వాళ్ల జాతివాళ్లే సరిహద్దుకు అవతల మెక్సికో కొండల్లో ఉన్నారు. వాళ్లూ వీళ్లూ దగ్గరి చుట్టాలు. 2006లో పోల్చి చూశారు. అరిజోనా పీమాల్లో షుగర్ జబ్బు 38 శాతం. మెక్సికో పీమాల్లో? 6.9 శాతం. వాళ్లు కొండ పొలాల్లో ఒళ్లొంచి పనిచేస్తారు, మొక్కజొన్న, చిక్కుళ్లు, ఆలుగడ్డలు తింటారు. జాతి ఒకటే. మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

అంత దూరం ఎందుకు, మన దేశమే చూడండి. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి 2023లో ప్రచురించిన లెక్కలో దేశం మొత్తం మీద షుగర్ జబ్బు 11.4 శాతం. గోవాలో 26.4, ఉత్తరప్రదేశ్‌లో 4.8. విదేశాల్లో మనందరినీ కలిపి ‘ఇండియన్లు’ అని ఒకే గడిలో వేస్తారు. ఆ గడిలోనే ఐదింతల తేడా ఉంది! మన జిల్లాల్లో ఓ సుగాలి తండా, నల్లమలలో ఓ చెంచు గూడెం, కర్నూలు టౌన్‌లో ఓ అపార్టుమెంటు, ఈ మూడింటికీ ఒకటే శాతం చెప్తే నేను నమ్మను, మీరూ నమ్మకండి.

అమ్మలకు ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలతో పొట్ట ఊబకాయం లెక్క కడితే ఆడవాళ్లలో 40 శాతం, మగవాళ్లలో 12 శాతం అని వచ్చింది. అయ్యవార్లు సంతోషపడొద్దు. ఆ లెక్కలో మగవాళ్లకు వాడింది 94 గీత, యూరప్ గీత. 90 పెట్టి చూస్తే ఆ 12 పెరుగుతుంది. అయినా ఆడవాళ్ల 40 శాతం మాత్రం నిజంగా భయపెట్టే అంకే. మన ఇళ్లలో ఆడవాళ్లు భర్తను, అత్తమామల్ని పరీక్షలకు తీసుకొస్తారు. తాము మాత్రం చేయించుకోరు. ఆయన మంచం పక్కన నిలబడి ఉన్న ఆమెను ‘అమ్మా, మీ బీపీ ఎప్పుడు చూశారు?’ అంటే ‘కాన్పప్పుడు’ అంటుంది. పిల్లాడేమో ఇంజనీరింగ్ చదువుతుంటాడు!

తిండి దగ్గరికి వద్దాం. మన తాతల కాలంలో జొన్న రొట్టె, కొర్రన్నం, సంగటి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చింది, నేను దాన్ని తప్పు పట్టను, పట్టకూడదు కూడా. కానీ పండగ పూట తినే వరి అన్నం మూడు పూటలకూ వచ్చింది. ఇప్పుడు పొద్దున ఉగ్గాని, అది బొరుగులు. మధ్యాహ్నం తెల్లటి సోనామసూరి. రాత్రి మళ్లీ అన్నమో, ఇడ్లీనో. అంతా బియ్యమే కదా? ‘అయితే సంగటికి మారిపోతాం సార్’ అంటారు. మారండి, మంచిదే. కానీ సంగటిలోనూ బియ్యం ఉంటుంది, రాగి కూడా పిండిపదార్థమే. తాత పెద్ద ముద్ద తిని మడక పట్టాడు. మనం అదే ముద్ద తిని ఫ్యాను కింద పడుకుంటే పని జరగదు. ముద్ద చిన్నది చేయండి, పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. ఊరిబిండి వేసుకోండి, బుడ్డలు మంచివే, నూనెలో ముంచిన బజ్జీతో పోల్చొద్దు. తిన్నాక పావుగంట నడవండి.

ఇవన్నీ చేస్తే ఫలితం ఉంటుందా? ఉంటుంది, చూపించారు. 2002లో అమెరికాలో షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్లకు తిండి, నడక మార్పించి బరువు 7 శాతం తగ్గించాలని లక్ష్యం పెడితే, షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. తెల్లవాళ్లలోనూ, నల్లవాళ్లలోనూ, ఆసియావాళ్లలోనూ అదే ఫలితం. జాతి అడ్డు రాలేదు! మన చెన్నైలో చేస్తే, 2006లో ప్రచురించారు, ఏ మార్పూ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది, మార్పు చేసినవాళ్లలో 39 శాతం మందికి. విశేషం ఏమంటే మనవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా లాభం కనిపించింది. మన దగ్గర బార్డర్ నుంచి షుగర్ జబ్బులోకి వెళ్లే వేగం ఎక్కువ, కాబట్టి ముప్పైల్లోనే మొదలుపెట్టాలి.

నడుము ఎలా కొలవాలో చూపిస్తాను. అన్నా, మీరు ఒకసారి లేచి ఇటు రండి. ప్యాంటు సైజు చెప్పొద్దు. 34 ప్యాంటు వేసుకుంటున్నా అంటారు, ఆ ప్యాంటు పొట్ట కింద కడతారు. అది నడుము కొలత కాదు. ఇదిగో, పక్కన చివరి పక్కటెముక ఇక్కడ. కింద తుంటి ఎముక అంచు ఇక్కడ. రెంటికీ మధ్యలో టేపు. బెల్టు మీద కాదు, చొక్కా మీద కాదు, ఒంటి మీద. టేపు నేలకు సమంగా ఉండాలి, వెనక జారకూడదు, బిగించకూడదు. ఊపిరి బిగబట్టొద్దన్నా. మామూలుగా వదలండి... వదిలాక చూడాలి. 97. ఆయన అనుమతిస్తేనే చెప్తున్నా. ఈయన చూడ్డానికి లావున్నారా? లేరు. కూర్చోండన్నా, రేపు పరగడుపున రక్త పరీక్ష చేయించుకుందాం.

మీ ఇంటికొచ్చే ఆశా కార్యకర్త దగ్గర ఒక ఫారం ఉంటుంది, ముప్పై దాటినవాళ్లకు నింపుతారు. అందులో నడుము కొలతకు మార్కులున్నాయి, మగవాళ్లకు 90 దాటితే, ఆడవాళ్లకు 80 దాటితే. అంటే ప్రభుత్వం మన గీతే వాడుతోంది. ఆ అమ్మాయి టేపు తీస్తే ‘ఏదో ఒకటి రాసుకో తల్లీ’ అని పంపించేయకండి. కొలిపించుకోండి.

ఇందాక ఒక మాస్టారు చీటీ పంపారు. ‘మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు, అక్కడి డాక్టరు బరువు నార్మల్ అన్నాడట, నమ్మొచ్చా?’ అని. మంచి ప్రశ్న. అక్కడ మామూలుగా బీఎంఐ 25 దాటితే బరువు ఎక్కువంటారు. కానీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషనే 2015 నుంచి, ఆసియా మూలాలవాళ్లకు 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయాలంటోంది. మీ అబ్బాయిని డాక్టరుకు ఒక మాట చెప్పమనండి, ‘నేను దక్షిణాసియా వాణ్ణి, నా నడుము 90 గీతతో చూడండి, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, పరగడుపు షుగర్ చేయించండి’ అని. ఫోన్లో మీరు అడగాల్సింది ‘తిన్నావా నాన్నా’ అని మాత్రమే కాదు, ‘నడుము ఎంతుంది’ అని కూడా.

పక్క గదిలో సిస్టర్ ఉన్నారు, ఆడవాళ్లకు అక్కడ కొలుస్తారు. మగవాళ్లు ఇక్కడే వరసలో రండి. టిఫిన్ చేసి వచ్చినా ఫర్వాలేదు, నడుముకు పరగడుపు అక్కర్లేదు. పాత రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు అవి చేతిలో పట్టుకుని రండి, కలిపి చూద్దాం.